డేలైట్ ఫిల్మా, టంగ్‌స్టన్ ఫిల్మా: ఏ వెలుతురుకి ఏ రీలు

కలర్ ఫిల్మ్ కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్ఓ (అంటే ఫిల్మ్ వెలుతురుకి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే స్పీడు అంకె) ఎంతో, ఎన్ని ఫ్రేములో అందరూ చూస్తారు. అదే డబ్బా మీద ‘డేలైట్’ అనో ‘టంగ్‌స్టన్’ అనో, లేదంటే పేరు చివర ఒక్క ‘టి’ అక్షరమో ఉంటుంది. ఫొటోల రంగుని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది అదే. డిజిటల్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఫొటో తీశాక కూడా మార్చుకోవచ్చు. ఫిల్మ్‌లో ఆ నిర్ణయం ఫ్యాక్టరీలోనే జరిగిపోతుంది. రీలు ఒకసారి లోడ్ చేశాక 36 ఫ్రేములూ దానికి కట్టుబడాల్సిందే.

ఎండలో డేలైట్ వాడండి, బల్బు వెలుతురులో టంగ్‌స్టన్ వాడండి అని మామూలుగా చెప్పే సలహా తప్పేమీ కాదు. కానీ దాంతో సగం ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. డేలైట్ రీలుతో రాత్రి ఇంట్లో తీసిన ఫొటోని ల్యాబ్‌లో ఎంతవరకు బాగుచేయగలరు? టంగ్‌స్టన్ రీలుని ఎండలో వాడితే నష్టం కూడా అంతే ఉంటుందా? కిటికీ వెలుగూ దీపం వెలుగూ కలిసిన గదిలో ఏది పెట్టాలి? వీటన్నిటికీ నా దగ్గర ఉన్న తాళంచెవి ఒక్కటే. మనకి రంగు తేడాగా కనిపించేది ఫిల్మ్ వైపు నుంచి చూస్తే ఎక్స్‌పోజర్ తేడా, అంటే పడిన వెలుతురు మోతాదులో తేడా. ఫిల్మ్‌లో ఉండే మూడు రంగుల పొరల్లో ఏదో ఒక పొరకి వెలుతురు చాలలేదు, లేదా ఎక్కువైంది. ఆ మాట గట్టిగా పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే విడిపోతాయి.

కన్ను సర్దుకుంటుంది, ఫిల్మ్ సర్దుకోదు

తెల్ల చొక్కా మధ్యాహ్నం ఎండలోనూ తెల్లగానే కనిపిస్తుంది, రాత్రి పాతకాలపు బల్బు కిందా తెల్లగానే కనిపిస్తుంది. నిజానికి ఆ రెండు చోట్లా చొక్కా మీంచి కంట్లోకి వచ్చే కాంతి ఒకటి కాదు. వేడెక్కి వెలిగే తీగ నుంచి వచ్చే వెలుగులో ఎరుపు పుష్కలం, నీలం బాగా తక్కువ. కన్నూ మెదడూ కలిసి ఆ తేడాని క్షణాల్లో సర్దేస్తాయి కాబట్టి మనకి పట్టదు.

ఫిల్మ్‌కి ఆ వెసులుబాటు లేదు. కలర్ ఫిల్మ్‌లో ముఖ్యంగా మూడు రకాల పొరలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన నీలానికి స్పందించే పొర, దాని కింద ఆకుపచ్చ పొర, అట్టడుగున ఎరుపు పొర. ఫిల్మ్‌లోని వెండి లవణాలన్నిటికీ నీలం అంటే సహజంగానే స్పందన ఎక్కువ. అందుకే ఆ నీలం కింది పొరల్లోకి దిగకుండా పై పొర కింద ఒక పసుపు వడపోత పొర కూడా పెడతారు. ఎరుపు పొర అడుగున ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

డేలైట్ ఫిల్మ్ తయారుచేసేటప్పుడు ఈ మూడు పొరల స్పీడుని 5500 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే ప్రమాణం) వెలుతురుకి సరిపోయేలా కుదురుస్తారు. అంటే నడి పగలు ఎండ, లేదా ఫ్లాష్. టంగ్‌స్టన్ ఫిల్మ్‌ని 3200 కెల్విన్ స్టూడియో లైట్లకి కుదురుస్తారు. ఆ లైట్లలో నీలం తక్కువ కాబట్టి మిగతా రెండిటితో పోలిస్తే నీలం పొరని బాగా చురుగ్గా చేస్తారు. రెండు ఫిల్మ్‌ల మధ్య తేడా మౌలికంగా ఇంతే.

ఇప్పుడు డేలైట్ ఫిల్మ్‌ని 3200 కెల్విన్ లైటు కింద పెడితే ఏమవుతుంది? ఎరుపు పొరకి కావలసినంత వెలుతురు అందుతుంది. నీలం పొరకి దాదాపు రెండు స్టాపులు తక్కువ పడుతుంది (ఒక్కో స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). ఫొటో నారింజ రంగులోకి తిరగడానికి కారణం ఎరుపు ఎక్కువవడం కంటే నీలం అందకపోవడం అని అర్థం చేసుకోవాలి. ఇది మాటల తేడా కాదు. ఎక్కువైన దాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు. అసలు పడనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తాం?

కెల్విన్ అంకెల గురించి కొంచెం

కెల్విన్ సంఖ్య తగ్గేకొద్దీ వెలుతురు ఎర్రబడుతుంది, పెరిగేకొద్దీ నీలంగా మారుతుంది. కొవ్వొత్తి 1900 ప్రాంతంలో ఉంటుంది. పాతకాలపు వంద వాట్ల బల్బు 2850 దగ్గర. స్టూడియో టంగ్‌స్టన్ లైటు 3200. మబ్బు పట్టిన పగలు 6500 చుట్టుపక్కల. నీలాకాశం కింద నీడలో 7500 కూడా దాటుతుంది.

ఈ అంకెలతో ఒక చిక్కుంది. 3000కీ 3200కీ మధ్య 200 కెల్విన్ల తేడా ఫిల్మ్ మీద తెలుస్తుంది. 6000కీ 6200కీ మధ్య అదే 200 తేడా దాదాపు తెలియదు. అందుకే ఫిల్టర్ల లెక్క కెల్విన్‌లో చేయరు, మైరెడ్‌లో చేస్తారు. పది లక్షల్ని కెల్విన్ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే మైరెడ్. 5500కి 182 వస్తుంది, 3200కి సుమారు 313. రెండిటికీ తేడా 131. ఫిల్టర్ ఏ వెలుతురు ముందు పెట్టినా దాని మైరెడ్ మార్పు మారదు కాబట్టి ఈ లెక్క చాలా సుఖం.

ఈ కూడికలు, తీసివేతలు ఒకటి రెండు సార్లు చేసి చూస్తే చాలామందికి తట్టని విషయం ఒకటి బయటపడుతుంది. ఇంట్లో వాడే బల్బు వెలుతురు టంగ్‌స్టన్ ఫిల్మ్‌కి కూడా సరిగ్గా సరిపోదు. 2850 కెల్విన్ అంటే 351 మైరెడ్, ఫిల్మ్ కోరుకునేది 313. ఇంకా 38 మిగిలింది. కాబట్టి టంగ్‌స్టన్ రీలు పెట్టినా ఇంటి దీపం కింద ముఖాలు కొంచెం వెచ్చటి ఛాయలోనే వస్తాయి. అది మంచిదే అని నా అభిప్రాయం. రాత్రి దీపం వెలుగు కాగితంలా తెల్లగా వస్తే ఆ గది ఆ గదిలా ఉండదు. కొవ్వొత్తి సంగతి చెప్పక్కర్లేదు, 526 మైరెడ్. ఏ ఫిల్మ్ పెట్టినా అది నారింజే.

టంగ్‌స్టన్ ఫిల్మ్‌లోనే ఒకప్పుడు రెండు రకాలుండేవి. 3200కి తయారైనది టైప్ బి. ఫొటోఫ్లడ్ బల్బుల 3400 కెల్విన్‌కి తయారైనది టైప్ ఎ. కొడాక్రోమ్ 40 ఈ రెండో రకం. పాత ఫిల్మ్ దొరికితే ఏ రకమో చూసుకోవడం మంచిది, కానీ రెండిటి మధ్య తేడా 20 మైరెడ్లలోపే.

ఫిల్టర్ పెడితే సరిపోతుంది కదా?

సరిపోతుంది, కానీ రెండు వైపులా ఖర్చు ఒకటి కాదు. ఎంపిక అంతా తిరిగేది ఈ తేడా చుట్టూనే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

డేలైట్ ఫిల్మ్‌ని 3200 కెల్విన్ లైటు కింద వాడాలంటే 80ఎ అనే నీలం ఫిల్టర్ కావాలి. టంగ్‌స్టన్ ఫిల్మ్‌ని ఎండలో వాడాలంటే 85బి అనే నారింజ ఫిల్టర్ కావాలి. రెండూ 131 మైరెడ్లే మారుస్తాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. కానీ 80ఎ రెండు స్టాపులు మింగేస్తుంది. 85బి మూడింట రెండు వంతుల స్టాపుతో సరిపెడుతుంది.

ఎందుకంటే ఏ ఫిల్టరూ లేని రంగుని తెచ్చి కలపలేదు, ఉన్న రంగుని తగ్గించగలదు అంతే. బల్బు వెలుతురులో నీలం తక్కువ. నీలంతో సమానం కావాలంటే ఎరుపునీ ఆకుపచ్చనీ బాగా తగ్గించాలి. వెలుతురులో ఎక్కువ భాగం వాటిదే కాబట్టి రెండు స్టాపులు పోతాయి. అదే ఎండలో 85బి చేసేది ముఖ్యంగా నీలాన్ని తగ్గించడం. ఎరుపు దాదాపు అలాగే దాటిపోతుంది, ఆకుపచ్చకి కొద్దిగా కోత పడుతుంది. నష్టం చిన్నది.

సినిమా రీళ్ల మీద కంపెనీ ఇచ్చే స్పీడు అంకెల్లోనే ఈ కథంతా ఉంది. కొడాక్ విజన్3 250డి డేలైట్ రీలు. పగలు దాని స్పీడు 250, టంగ్‌స్టన్ లైటు కింద 80ఎ పెడితే 64. విజన్3 500టి టంగ్‌స్టన్ రీలు. లైట్ల కింద 500, ఎండలో 85 అనే ఇలాంటి నారింజ ఫిల్టరే పెడితే 320. మొదటిది నాలుగో వంతుకి పడిపోయింది, రెండోది ఇంకా వాడుకునేంత స్పీడులోనే ఉంది. సూపర్ 8 మూవీ కెమెరాల్లో టంగ్‌స్టన్ ఫిల్మ్ వేసి, పగటి కోసం కెమెరా లోపలే నారింజ ఫిల్టర్ అమర్చడం వెనక లెక్క ఇదే. వెలుతురు దండిగా ఉన్నచోట కాస్త పోగొట్టుకోవచ్చు, కరువుగా ఉన్నచోట పోగొట్టుకోలేం.

చేతిలో కెమెరా పెట్టుకుని చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. రాత్రి గదిలో ఒక దీపం, దాని పక్కన కూర్చుని చదువుకుంటున్న మనిషి. లెన్స్ ఎఫ్/2.8. ఐఎస్ఓ 400కి వెలుతురు కొలిచే మీటరు 1/30 సెకను చూపిస్తోందనుకోండి. డేలైట్ 400 ఫిల్మ్ మీద 80ఎ పెడితే అది 1/8 అవుతుంది. పేజీ తిప్పే చెయ్యి చెదిరిపోతుంది, మన చెయ్యీ వణుకుతుంది. అదే చోట 800 స్పీడు టంగ్‌స్టన్ ఫిల్మ్ ఉంటే 1/60. మూడు స్టాపుల తేడా. ఒకటి ట్రైపాడ్ ఫొటో, ఇంకొకటి చేత్తో తీసే ఫొటో. పైగా లెన్స్ గుండానే చూసే ఎస్ఎల్ఆర్ కెమెరా అయితే, 80ఎ పెట్టాక వ్యూఫైండర్‌లో ముదురు నీలం తెర వెనకనుంచి చూస్తూ ఫోకస్ చేయాలి, మసక గదిలో అది చాలా కష్టం.

ఇంటి బల్బుకైతే 80ఎ ఒక్కటే చాలదు కూడా. డేలైట్ ఫిల్మ్‌కీ 2850 కెల్విన్‌కీ మధ్య తేడా 169 మైరెడ్లు. పూర్తిగా సరిచేయాలంటే 82 సిరీస్‌లోని లేత నీలం ఫిల్టర్ ఇంకొకటి జతచేయాలి. వెలుతురు ఇంకొంచెం పోతుంది. ఆ దారిలో వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

మీటరు గురించి ఒక మాట. లెన్స్ ద్వారా కొలిచే కెమెరా అయితే ఫిల్టర్ పెట్టాక తనే చూసుకుంటుంది. చేతి మీటరు అయితే ఐఎస్ఓ మార్చుకోవాలి: 400 ఫిల్మ్ మీద 80ఎ పెడితే 100కి, 800 ఫిల్మ్ మీద 85బి పెడితే 500కి.

స్లైడ్ ఒక లోకం, నెగెటివ్ ఇంకో లోకం

స్లైడ్ ఫిల్మ్‌లో కెమెరాలో పడిందే తుది ఫొటో. ప్రింట్ దశ లేదు, సరిదిద్దే అవకాశం లేదు. డేలైట్ స్లైడ్ మీద బల్బు కింద తెల్ల బల్లగుడ్డ తీస్తే అది పండు నారింజలా వస్తుంది, దాని మడతల్లో నీడలు గోధుమరంగులోకి దిగిపోతాయి. టంగ్‌స్టన్ స్లైడ్‌ని ఫిల్టర్ లేకుండా ఎండలో తీస్తే ముఖాలు నీలం. స్కాన్ చేసి కంప్యూటర్‌లో కొంత లాగవచ్చు. కానీ స్లైడ్‌కి ఎక్స్‌పోజర్ విషయంలో ఓర్పు తక్కువ, రెండు స్టాపులు తప్పిన పొరలో మిగిలే వివరం కొంచెమే. కాబట్టి స్లైడ్ తీసేవాళ్లకి నియమం కఠినం. వెలుతురుకి తగ్గ ఫిల్మ్, లేదా తగ్గ ఫిల్టర్, లేదా ఆ రంగు మనకి కావాలనే స్పష్టమైన ఉద్దేశం.

నెగెటివ్‌లో సంగతి వేరు. ప్రింట్ చేసేటప్పుడో స్కాన్ చేసేటప్పుడో మూడు రంగుల్ని విడివిడిగా పెంచి తగ్గించవచ్చు. అందుకే ‘నెగెటివ్‌కి ఫిల్టర్ అక్కర్లేదు, ల్యాబ్ చూసుకుంటుంది’ అనే మాట పుట్టింది. ఇది సగమే నిజం.

డేలైట్ నెగెటివ్‌తో బల్బు కింద ఒక మనిషిని తీశామనుకోండి, మీటరు చెప్పినంతే ఎక్స్‌పోజర్ ఇచ్చాం. నీలం పొర రెండు స్టాపులు వెనకబడింది. నల్లటి జుట్టు, కోటు మడతలు, బల్ల కింద చీకటి ఉన్నచోట ఆ పొరలో దాదాపు ఏమీ పడలేదు. ఇప్పుడు స్కాన్‌లో చర్మం రంగు సహజంగా వచ్చేదాకా నీలం ఛానెల్ పెంచుతాం. చర్మం బాగానే కుదురుతుంది. కానీ జుట్టు నీడల్లో నలుపు పోయి నీలిమందు కలిపినట్టు ఒక మసక లేస్తుంది, దాని నిండా ఇసక చల్లినట్టు ముతక గ్రెయిన్. ఆ నీలాన్ని తగ్గిద్దామని చూస్తే నుదురూ చెంపలూ పసుపెక్కుతాయి. ఒక కొస సరిచేస్తే ఇంకో కొస చెడుతుంది. దీన్నే క్రాస్ఓవర్ అంటారు. మొత్తం ఫొటోకి ఒకే సర్దుబాటు చేస్తే ఇది పోదు, ఎందుకంటే నీడల్లో తప్పూ వెలుగులో తప్పూ ఒకటి కావు.

మందు కూడా అక్కడే ఉంది. సమస్య ఎక్స్‌పోజర్ అయినప్పుడు పరిష్కారం కూడా ఎక్స్‌పోజరే. డేలైట్ నెగెటివ్‌ని బల్బు కింద వాడక తప్పకపోతే ఒక స్టాపు, వీలైతే రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వండి. 400 ఫిల్మ్‌ని 200 అనుకోండి, లేదా 100 అనుకోండి. ఎరుపు పొర ఆ మేరకు ఎక్కువ తింటుంది, నెగెటివ్ దాన్ని సునాయాసంగా భరిస్తుంది. నీలం పొర నిలబడుతుంది. రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వడమంటే వెలుతురు ఖర్చు 80ఎ పెట్టినంతే కదా అని అడగొచ్చు. అంతే. కానీ వ్యూఫైండర్ చీకటి కాదు, లెన్స్ ముందు ఇంకో గాజు ఉండదు, వెలుతురు చాలనప్పుడు ఒక్క స్టాపుతో ఆగిపోయే స్వేచ్ఛ ఉంటుంది. నెగెటివ్ వాడేవాళ్లు 80ఎ కొనడం అనవసరం అని నేననేది ఇందుకే.

మరి తిరగేస్తే? టంగ్‌స్టన్ నెగెటివ్‌ని ఫిల్టర్ లేకుండా ఎండలో తీస్తే నీలం పొరకి రెండు స్టాపులు ఎక్కువ పడుతుంది. నెగెటివ్‌కి ఎక్కువ పడటం పెద్ద బాధ కాదు. నీడల్లో మూడు పొరల్లోనూ సమాచారం ఉంటుంది, స్కాన్‌లో నీలం తగ్గిస్తే రంగులు చాలావరకు దారికి వస్తాయి. పైన ఒకటిన్నర పేజీ లెక్కంతా ఈ ఒక్క వాక్యం కోసం: నెగెటివ్ విషయంలో రెండు తప్పులూ సమానం కావు. టంగ్‌స్టన్ రీలుతో పగలు దొరికిపోతే బయటపడొచ్చు, డేలైట్ రీలుతో రాత్రి దొరికిపోతే కష్టం. ఎండలో కూడా 85బి పెట్టుకుంటే ఇంకా శుభ్రంగా వస్తుంది, అది వేరే విషయం. ముఖ్యంగా మెరిసే తెల్లటి చోట్ల, మబ్బుల్లో రంగు తేడా తగ్గుతుంది.

రెండు వెలుతురులు కలిసినచోట

అసలు ఆనందం ఇక్కడుంది. వెలుతురు ఒకటే రకం అయితే సరైన ఫిల్మ్ ఏదో చెప్పడం సులువు. రెండు రకాలు ఉన్నప్పుడు ‘సరైనది’ అంటూ లేదు. ఏది తెల్లగా ఉండాలి, ఏది రంగు తిరగాలి అని మనమే తేల్చుకోవాలి.

సాయంత్రం, పొద్దు గుంకిన తర్వాత కొద్ది నిమిషాలు. ఇంటి కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి, ఆకాశంలో ఇంకా వెలుగుంది. డేలైట్ ఫిల్మ్‌తో తీస్తే ఆకాశం మామూలు నీలం, కిటికీలు బాగా నారింజ. కట్టడం గోడలు ఆ నారింజలో మునుగుతాయి. టంగ్‌స్టన్ ఫిల్మ్‌తో తీస్తే కిటికీల వెలుగు లేత పసుపుకి తగ్గుతుంది, లోపలి గోడల అసలు రంగు కనిపిస్తుంది, ఆకాశం ముదురు నీలంలోకి దిగుతుంది. కట్టడాల ఫొటోగ్రాఫర్లు ఈ వేళలో టంగ్‌స్టన్ ఫిల్మ్‌ని అంతగా వాడింది ఇందుకే. ఆకాశపు వెలుగూ లోపలి దీపాల వెలుగూ సమానమయ్యే సమయం చాలా చిన్నది. ఆ కాసేపట్లో ఎక్స్‌పోజర్ నిమిష నిమిషానికి మారుతుంది కాబట్టి కెమెరా ముందే నిలబెట్టుకుని ఎదురుచూడాలి.

పగలు గదిలో కిటికీ పక్కన దీపం వెలుగుతుంటే తీర్పు తిరగబడుతుంది. అక్కడ డేలైట్ ఫిల్మే మేలు. దీపం వెచ్చగా కనిపించడాన్ని కన్ను హాయిగా ఒప్పుకుంటుంది. టంగ్‌స్టన్ పెడితే కిటికీ వైపు చెంప నీలంగా మారుతుంది. మనిషి ముఖం మీద నారింజని సహించినంతగా నీలాన్ని మన కన్ను సహించదు. ముఖం మీద ఏ వెలుతురు పడుతోందో దానికి తగ్గ ఫిల్మ్ ఎంచుకోవడం, వెనక ఏ రంగు వచ్చినా రానివ్వడం, కలగలుపు వెలుతురులో నేను పాటించే పద్ధతి ఇదే.

వెలుతురునే మార్చుకోవడం ఇంకో దారి. కిటికీ అద్దాలకి నారింజ జెల్ షీట్ (రంగు వేసిన పారదర్శక ప్లాస్టిక్ రేకు) అంటించి లోపలి లైట్లతో కలపవచ్చు, లేదా లైట్లకి నీలం జెల్ కట్టి కిటికీతో కలపవచ్చు. వీటిలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఫ్లాష్‌ది. టంగ్‌స్టన్ ఫిల్మ్ లోడ్ చేసి, ఫ్లాష్‌కి పూర్తి నారింజ జెల్ కట్టి, సంధ్యవేళ బయట మనిషిని తీయండి. జెల్ వల్ల ఫ్లాష్ వెలుగు ఫిల్మ్‌కి సరిపోతుంది, మనిషి సహజమైన రంగుల్లో వస్తాడు. ఫ్లాష్ అందని వెనక భాగమంతా, చెట్లూ ఆకాశమూ అన్నీ, నిండు నీలంలోకి వెళ్లిపోతాయి. ఏ రంగు ఎక్కడ ఉండాలో ఇంత తేలికగా విడదీసే పద్ధతి ఫిల్మ్‌లో ఇంకోటి లేదు.

ఎల్ఈడీలూ ట్యూబ్‌లైట్లూ ఈ లెక్కల్లో పూర్తిగా ఇమడవు. డబ్బా మీద 2700 అనో 4000 అనో 6500 అనో ఉంటుంది, కానీ అది కంటికి కనిపించే రంగుకి దగ్గరగా వేసిన అంకె. కాలే తీగలో లాగా అన్ని రంగులూ వరసగా ఉండవు, కొన్నిచోట్ల గుట్టలు, కొన్నిచోట్ల గుంటలు. ట్యూబ్‌లైట్ కింద ఫిల్మ్ మీద వచ్చే ఆకుపచ్చ ఛాయ అలాంటి గుట్టల ఫలితమే. దాన్ని డేలైట్, టంగ్‌స్టన్ ఎంపికతో తప్పించలేం, దానికి మెజెంటా ఫిల్టర్ కావాలి. మంచి వెచ్చటి ఎల్ఈడీలకి టంగ్‌స్టన్ ఫిల్మ్, తెల్లటి చల్లటి ఎల్ఈడీలకి డేలైట్ ఫిల్మ్ అనుకుంటే చాలావరకు గట్టెక్కుతాం.

ఇప్పుడు దొరికేవి

ఒకప్పుడు స్టిల్ కెమెరా కోసమే ప్రత్యేకంగా చేసిన టంగ్‌స్టన్ ఫిల్మ్‌లు చాలా ఉండేవి. స్లైడ్లలో కొడాక్ ఎక్టాక్రోమ్ 64టి, 160టి, 320టి, ఫుజీక్రోమ్ 64టి. నెగెటివ్‌లో కొడాక్ పోర్ట్రా 100టి. వస్తువుల ఫొటోలకీ, పెయింటింగులకి నకళ్లు తీయడానికీ, గదుల ఫొటోలకీ స్టూడియోల్లో వీటినే వాడేవారు. ఆ పనులన్నిట్లో ఎక్స్‌పోజర్ సెకన్ల కొద్దీ సాగుతుంది. అంతసేపు ఇస్తే మామూలు ఫిల్మ్ స్పీడు పడిపోతుంది, మూడు పొరలూ ఒకేలా పడిపోవు కాబట్టి రంగు కూడా తేలిపోతుంది. స్టూడియో టంగ్‌స్టన్ ఫిల్మ్‌లని ఆ నిడివికి తట్టుకునేలా చేసేవారు. కొడాక్ వెరికలర్‌లో టైప్ ఎస్ అని తక్కువ నిడివికీ, టైప్ ఎల్ అని ఎక్కువ నిడివికీ విడివిడిగా ఉండేవి, ఆ టైప్ ఎల్ టంగ్‌స్టన్‌కి సరిపడేది. డిజిటల్ వచ్చాక మొదట ఖాళీ అయింది ఈ స్టూడియోలే, వాటితో పాటు ఈ ఫిల్మ్‌లూ పోయాయి.

ఇవాళ దొరికే మామూలు రీళ్లు, గోల్డ్ 200, పోర్ట్రాలు, ఎక్టార్ 100, స్లైడ్లలో ఎక్టాక్రోమ్ ఈ100, వెల్వియా, ప్రోవియా, అన్నీ డేలైటే. టంగ్‌స్టన్ కావాలంటే సినిమా రీలు వైపు చూడాలి. విజన్3 200టి, 500టి రీళ్లని స్టిల్ కెమెరాకి సరిపడే ముక్కలుగా చుట్టి అమ్ముతారు. సినీస్టిల్ 800టి కూడా 500టి నుంచి వచ్చిందే. దాని వెనక ఉండే రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత తీసేసి, కలర్ నెగెటివ్‌లన్నిటికీ ల్యాబులు వాడే మామూలు సి-41 ప్రాసెస్‌లో కడిగేలా చేశారు.

ఆ పూత పోవడం వల్ల వచ్చేదే 800టి ఫొటోల్లో వీధి దీపాల చుట్టూ కనిపించే ఎర్రటి వలయం. బలమైన వెలుగు పొరలన్నిటినీ దాటి వెనక్కి వెళ్లి, పీల్చుకునే పూత లేక అక్కడ తట్టుకుని తిరిగి పొరల్లోకి వస్తుంది. అడుగు నుంచి వచ్చే ఆ వెలుగుకి ముందు తగిలేది ఎరుపు పొర. అందుకే ఆ వలయం ఎరుపు. దీన్ని ఇష్టపడి ఈ రీలు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. టంగ్‌స్టన్ ఫిల్మ్ అంటేనే అలా వస్తుందని మాత్రం అనుకోకండి. పూత ఉన్న 500టిలో ఆ వలయం కనిపించదు.

రెమ్‌జెట్ ఉన్న రీలుని మామూలు సి-41 ల్యాబ్‌కి ఎప్పుడూ ఇవ్వకండి. ఆ నల్లటి పూత ఊడి రసాయనాల్లో కలుస్తుంది, మెషీన్‌తో పాటు పక్కవాళ్ల రీళ్లు కూడా పాడవుతాయి. చుట్టి అమ్మే సినిమా రీలు కొంటే పూత ఉందో లేదో అమ్మేవాళ్లని అడిగి, ఈసీఎన్-2 (సినిమా నెగెటివ్‌ల ప్రాసెస్) చేసే ల్యాబ్ ఉందని తేల్చుకున్నాకే లోడ్ చేయండి.

ఒక్క కెమెరా, ఒక్క రీలు తీసుకుని బయల్దేరేవాళ్లకి నా సలహా డేలైట్ నెగెటివ్ 400. పగలంతా నిశ్చింత, సాయంత్రమైతే ఒక స్టాపు ఎక్కువ ఇచ్చుకోవచ్చు. పని అంతా రాత్రి వీధుల్లోనో, దీపాల కిందనో, సంధ్యవేళ కట్టడాల దగ్గరో అయితే టంగ్‌స్టన్ తీసుకోండి, సంచిలో ఒక 85బి పడేసుకోండి. స్లైడ్ తీసేవాళ్లకి ఇప్పుడు ఎంపిక లేనట్టే, డేలైట్ రీలు, ట్రైపాడ్, 80ఎ.

రీలు ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ఒక చీటీ రాసి పెట్టండి. చాలా స్కానర్లు ప్రతి ఫ్రేమునీ తటస్థ రంగుకి లాగేస్తాయి. సంధ్యవేళ మీరు కోరి తెచ్చుకున్న నీలం ఆ సర్దుబాటులో బూడిదరంగైపోతుంది, అప్పుడు టంగ్‌స్టన్ ఫిల్మ్ వాడినా వాడకపోయినా ఒకటే. ఆ వెలుతురులోనే మొదటి ఫ్రేములో ఒక గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట) తీసి, దానికి రంగు కుదిర్చి మిగతా రీలంతా అదే సెట్టింగ్‌తో, ఆటో లేకుండా స్కాన్ చేయమని అడగండి.